కాకి లేని దీవిలో తద్దినం

శ్రీ వాగ్దేవతాయై నమః.

స్వస్తిశ్రీ పరాభవ నామ సంవత్సర చైత్ర శుద్ధ పంచమి. నేపర్‌విల్. కంటికి కనబడినంత, చెవికి వినబడినంత మాత్రమే చెప్పే నిగ్రహాన్ని ఆ తల్లి నాకు ప్రసాదించాలని ప్రార్థించి దీన్ని మొదలుపెడుతున్నాను.

నేను దయ్యాలను నమ్మినవాణ్ణి కాను. జీవితంలో పెద్దభాగం ఓరియంటల్ కళాశాలలో సంస్కృతాంధ్రాలు బోధించాను. కావ్యాలలో భూతప్రేతాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా అది కవి కల్పన అనే పిల్లలకు చెప్పాను. ఇంట్లో ఏటేటా పెద్దలకు తద్దినాలు పెట్టేవాణ్ణి కదా, మరి ఇదేమిటని ఎవరైనా అడిగితే, తద్దినం పెట్టడం వేరు, పోయినవారు వచ్చి తింటారని నమ్మడం వేరు అనేవాణ్ణి. మొదటిది కృతజ్ఞత. రెండవది ఊహ. ఈ భేదం నాకు చాలాకాలం ఏ ఇబ్బందీ కలిగించలేదు.

నా భార్య సుభద్ర రెండేళ్ల క్రితం పుష్య బహుళ దశమినాడు షికాగోలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూసింది. మాకు సంతానం ఒక్క కూతురే, మాధవి. ఉద్యోగ విరమణ తరువాత మేమిద్దరం వచ్చి ఆమె ఇంట్లోనే స్థిరపడ్డాం. మాధవి ఊపిరితిత్తుల వైద్యురాలు. ఐసీయూలో పని. తల్లిని చేర్చింది ఆమె పనిచేసే ఆసుపత్రిలో కాదు, మరొకచోట.

సుభద్రకు న్యుమోనియా ముదిరి వెంటిలేటర్ పెట్టారు. కొన్నాళ్లకు అక్కడి వైద్యులు మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, ఇక కోలుకునే ఆశ లేదని, యంత్రం కొనసాగించాలో వద్దో కుటుంబమే చెప్పాలని అడిగారు. నాకు నోట మాట రాలేదు. మాధవి చెప్పింది. ఇంగ్లీషులో, తన రోగుల కుటుంబాలతో మాట్లాడే అదే నెమ్మదితో, ఆపేయమని చెప్పింది.

ఆ తరువాత ఆ గది మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

కొడుకులు లేనందున సుభద్ర కర్మ నేనే చేశాను. మొదటి ఏడాది తద్దినం నాడు పెరట్లో మంచు గడ్డకట్టి ఉంది. పురోహితుడు చెప్పిన ప్రకారం వాయసపిండం, అంటే కాకికి పెట్టే అన్నపు ముద్ద, విస్తరిలో బయట పెట్టాం. పొరుగువారి మోడు చెట్టు మీద కాకులు వాలాయి. ఇక్కడి కాకులు నిలువెల్లా నల్లనివి, మన కాకులకంటే పెద్దవి. అవి చూస్తూ కూర్చున్నాయి తప్ప కిందికి దిగలేదు.

కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని, దాన్ని తీరుస్తామని మాట ఇస్తే ముడుతుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. మాధవి మంచుబూట్లు వేసుకుని పెరట్లో నిలబడి, చిన్నపిల్లలా ఒక్కొక్క మాటే ఇచ్చింది. నాన్నగారిని జాగ్రత్తగా చూసుకుంటానంది. పట్టుచీరలు పిన్నులకు పంచుతానంది. పిల్లలకు తెలుగు నేర్పిస్తానంది. కాకులు లేచి వెళ్లిపోయాయి. చివరికి ఒక ఉడత వచ్చి ముద్దను ఎత్తుకుపోయింది.

"చూశావా, మీ అమ్మ ఉడతను పంపింది" అన్నాను, తేలిక చేద్దామని.

మాధవి నవ్వలేదు. "ఆవిడకి నా మీద కోపం, నాన్నగారూ. నాకు తెలుసు" అని లోపలికి వెళ్లిపోయింది.

అంత చదువుకున్న పిల్ల, కాకి ఒక పక్షి మాత్రమే అని నాకంటే బాగా తెలిసిన పిల్ల, ఆ రోజు నుంచి మారిపోయింది. ఐసీయూ డ్యూటీలు మానుకుంది. కొన్నాళ్లు క్లినిక్‌లో రోగులను చూసి, ఆపైన లీవ్ పెట్టింది. "ఇంకో ఫ్యామిలీని ఆ గదిలో కూర్చోబెట్టి, ఆ ప్రశ్న అడగడం నా వల్ల కాదు" అని భర్తతో అంటుండగా ఒకసారి విన్నాను. మొన్నటి మాఘమాసంలోగా తిరిగి వస్తుందో రాదో చెప్పమని ఆసుపత్రివారు అడిగారు. రానంటే ఆ పని మరొకరికి ఇస్తారు. ఆమె చదివిన చదువంతా ఆ పని కోసమే.

ఇప్పుడు స్పానిష్ సంగతి చెప్పాలి.

సుభద్రకు మనుషులతో మాట్లాడకపోతే తోచదు. నేపర్‌విల్ వచ్చిన కొత్తలో లైబ్రరీకి వెళ్లి, అక్కడ వారం వారం కూడే స్పానిష్ మాట్లాడే ఆడవాళ్లతో స్నేహం కట్టింది. ముందు కుట్లు అల్లికలు, తరువాత వంటలు, చివరికి భాష. రాత్రి భోజనాల దగ్గర మాధవితో ఆ భాషలోనే నాలుగు ముక్కలు మాట్లాడేది. మాధవికి తన రోగులతో పనికివస్తుందని ఉత్సాహం. నేను అన్నం కలుపుకుంటూ వినేవాణ్ణి. పదాలు మన భాషలో లాగే ఎక్కువగా అచ్చులతో ముగుస్తున్నాయని మాత్రం గమనించాను.

పోవడానికి ముందు సంవత్సరం ఆవిడే ఒక కరపత్రం తెచ్చింది. ప్యూర్టో రికో దీవిలో, వానలడవి అంచున ఒక పల్లె. పొద్దున స్పానిష్ పాఠం, మధ్యాహ్నం అడవిలో నడక, చెట్లూ పక్షులూ చూడటం. బస అక్కడే.

"పాస్‌పోర్ట్ అక్కర్లేదుట, అది కూడా అమెరికాయేనట" అంది. "మీకు చలి తప్పుతుంది. నాకు నోటి దురద తీరుతుంది. మాధవికి లీవ్ దొరకడమే తరువాయి."

మాధవికి లీవ్ దొరకలేదు. ఆ తరువాత సుభద్ర లేదు. ఈ శీతాకాలం మాధవి ఆ కరపత్రాన్ని ఎక్కడినుంచో తీసి, "అమ్మ వెళ్దామన్న చోటు, మనం వెళ్దాం నాన్నగారూ" అన్నది. అల్లుడు పిల్లలను చూసుకుంటానన్నాడు. పుష్య బహుళ దశమికి ముందురోజు రాత్రి ఇల్లు చేరేలా, మరునాడు ఇంట్లో పురోహితుడితో తద్దినం జరిగేలా, తిథి నేనే చూసి చెప్పాను. మాధవి టిక్కెట్లు బుక్ చేసింది.

పాఠం చెప్పే ఆవిడ పేరు ఎల్బా. రిటైరైన బడి టీచరు, నా ఈడుదే. అందరూ గౌరవంగా దోన్యా ఎల్బా అంటారు; మగవారినైతే దోన్ అంటారు. అడవిలో తిప్పేది ఆమె తమ్ముడు రాఫాయెల్. జీవితమంతా ఆ అడవిలో పక్షుల లెక్కలు తీసే ఉద్యోగం చేసి విరమించాడు. వారిద్దరూ మాతో ఇంగ్లీషు, స్పానిష్ కలిపి మాట్లాడేవారు. ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను.

వారి ఇంటి వరండాలోనే తరగతి. వరండా దిగితే అరటితోట. తోట దాటితే వాగు. వాగు దాటితే అడవి. అక్కడ అడుగు పెట్టిన రోజునే నాకు వింతైన ఆత్మీయత కలిగింది. మందారాలు, చేమదుంపలు, కొబ్బరిచెట్లు, ఎక్కడ చూసినా తెలిసిన ముఖాలే. దోన్యా ఎల్బా వండే అన్నంలో కందులు! మాంసం ముట్టమని చెప్పాక, మా కోసం విడిగా తెల్లని అన్నం, ఉడికించిన అరటికాయ పెట్టేది. హఠాత్తుగా వాన పడేది, హఠాత్తుగా వెలిసేది. సాయంత్రమైతే బొటనవేలి గోరంత కప్పలు ఊరంతా వినబడేలా కూసేవి.

నా ఉచ్చారణ ఆమెకు వినోదం. ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా, దీర్ఘహ్రస్వాలు పాటిస్తూ పలికేవాణ్ణి.

"దోన్ సూర్యా, మీరు నన్ను కాఫీ అడుగుతున్నారా, ఆశీర్వదిస్తున్నారా?" అనేది.

"రెండూను" అనేవాణ్ణి.

మాధవి అక్కడే, చాలాకాలానికి, పగలబడి నవ్వింది. "నాన్నగారూ, అది నమకం కాదు, మెనూ!" అంది.

ఒక పూట పక్షుల పేర్ల పాఠం. చిలుక, పావురం, పిచ్చుక అయ్యాక, కాకిని ఏమంటారని నేనే అడిగాను. ఆమె మాట చెప్పింది. తమ్ముడు అందుకున్నాడు.

"మాట ఉంది గాని పక్షి లేదు, దోన్ సూర్యా. ఒకప్పుడు ఈ అడవిలోనే ఉండేవి. నేను పుట్టేనాటికే చివరి దశ. ఈ దీవిలో ఇప్పుడు కాకి లేదు."

వరండా ముందు గెంతుతున్న నల్లపిట్టలను చూపించి, మరి ఇవో అన్నాను. అవి గోరింకల జాతిలాంటివట. పసుపుపచ్చ కన్ను, పడవ అడుగులా మడిచిన తోక. కాకిలో సగం ఉంటాయి. ఆ రోజు నుంచి వాటిని జాగ్రత్తగా చూశాను. కనుక తరువాత నేను చూసినది వాటిలో ఒకటి కాదని చెప్పగలను.

దోన్యా ఎల్బా తరగతిలో ఒక పద్ధతి ఉంది. చివరిరోజున ప్రతి విద్యార్థీ లేచి, అక్కడ లేని ఎవరో ఒకరితో మాట్లాడుతున్నట్టు స్పానిష్‌లో నాలుగు మాటలు చెప్పాలి. కాగితం చూడకూడదు. ఎవరితో అన్నది వారి ఇష్టం. మాతోపాటు చదివిన ఇద్దరు యువతులు ముందే ముగించి, సముద్రం చూడటానికి వెళ్లిపోయారు. నేను నేపర్‌విల్‌లోని మా పొరుగాయనతో మాట్లాడాను. మా ఇంటి ముందు కూడా మంచు ఎత్తినందుకు కృతజ్ఞతలని, ఇక్కడ ఉక్కపోతగా ఉందని, అసూయ పడవద్దని చెప్పాను. దోన్యా ఎల్బా చప్పట్లు కొట్టింది.

మాధవి లేచి నిలబడింది. నోరు తెరిచింది. "నన్ను స్కిప్ చేయండి, ప్లీజ్" అని కూర్చుంది.

"కూర్చో, బిడ్డా. నువ్వు విమానం ఎక్కేదాకా పాఠం అయిపోలేదు" అని ఆమె కాఫీ తేవడానికి లోపలికి వెళ్లింది.

ఆ ఖాళీలో మాధవి ఫోన్ తీసి చూసుకుంది. తెర నా వైపు తిప్పింది.

"నాన్నగారూ, టెంపుల్ వాళ్ల మెసేజ్ చూశారా? దశమి ఇవాళేట."

నేను నమ్మలేదు. ఫోన్ తీసుకుని, కళ్లజోడు సవరించుకుని చదివాను. అప్పుడు గాని నేను చేసిన పొరపాటు తెలియలేదు. మా వంటింట్లో వేలాడే క్యాలెండరు ఇండియా నుంచి తెప్పించినది. అందులో తిథి ఇండియా సూర్యోదయానికి. అక్కడ మరునాటి పొద్దుటిదాకా ఉండే దశమి, మన గడియారం వెనక ఉన్నందున, ఇక్కడ తెల్లవారకముందే వెళ్లిపోతుంది. తద్దినానికి తిథి అపరాహ్ణంలో ఉండాలి. ఇక్కడ అది ఈ పూటే, మరికొంతసేపట్లో. ఇతరులకు ముహూర్తాలు చూసి పెట్టిన నేను, సొంత భార్య తిథికి గోడ మీది కాగితాన్ని నమ్మాను.

"పోనీలే అమ్మా, నా పొరపాటు. ఇంటికి వెళ్లాక ఏకాదశినాడు చేస్తే శాస్త్రం ఒప్పుకుంటుంది" అన్నాను.

"లేదు" అంది మాధవి. "పోయినసారి తీసుకోలేదు. ఈసారి డేట్ కూడా మిస్ అయ్యామా? లేదు నాన్నగారూ. ఇక్కడే చేద్దాం. ఇప్పుడే."

ఆ గొంతు విని ఇక వాదించలేకపోయాను.

పురోహితుడు లేడు. దర్భలు లేవు. ఏమీ లేనివాడు అడవిలోకి పోయి చేతులెత్తి పెద్దలను తలచుకున్నా చాలునని మా నాన్నగారు అనేవారు. ఆ మాట తలచుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

దోన్యా ఎల్బాకు మాధవి సంగతి చెప్పింది. తల్లి పోయిన తిథి ఇది అని, ఆమె పేర అన్నం పెట్టాలని, మొదట ఒక పక్షికి పెట్టాలని చెప్పింది. ఏ పక్షి అన్నది చెప్పలేదు. దోన్యా ఎల్బా ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పొయ్యి మీది తెల్లన్నం గిన్నెతో సహా ఇచ్చింది. నువ్వులు ఉన్నాయా అని అడిగితే, డబ్బాలోంచి నువ్వుల పట్టీలు తీసి, వేడినీళ్లలో వేసి, పాకం కరిగించి, నువ్వులు వడకట్టి ఇచ్చింది. నల్లనువ్వులు కావాలి. తెల్లవి దొరికాయి.

అడవిలో జంతువులకూ పక్షులకూ ఏమీ పెట్టకూడదని నియమం ఉందని రాఫాయెల్ చెప్పాడు. "మా తోటలో అయితే మా ఇష్టం" అన్నాడు. వాగు ఒడ్డున, తోట చివర, ఒక చదునైన రాయి చూపించాడు. తనే ఒక అరటి ఆకు కోసి కడిగి తెచ్చాడు.

వాన వెలిసింది. నేను వాగులో స్నానం చేసి తడిబట్టతో వచ్చాను. గట్టున దొరికిన గడ్డిపోచలు వేలికి చుట్టుకుని, నోటికి వచ్చిన మంత్రాలతో సంకల్పం చెప్పాను. దేశకాలాలు చెప్పేటప్పుడు ఆ దీవిని ఏ ద్వీపమనాలో, ఏ పర్వతానికి ఏ దిక్కున అనాలో తోచక, ఉన్న పేరే చెప్పాను. సుభద్ర గోత్రనామాలు చెప్పి తిలోదకాలు విడిచాను. వాయసపిండం ఆకు మీద పెట్టి, రాతి మీద ఉంచి, వెనక్కి వచ్చాం.

మేం నలుగురం అరటిచెట్ల పక్కన నిలబడ్డాం. ఫోన్లు, కెమెరా అన్నీ వరండాలో ఉన్నాయి. మాధవి ముఖం వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. కాకి లేని దీవిలో కాకికి అన్నం పెట్టాం. నల్లపిట్ట వచ్చి తిన్నా చాలు, అదే కాకి అని ఈ పిల్లకు చెప్పి ఒప్పిద్దామని మనసులో మాటలు కూర్చుకుంటున్నాను. నల్లపిట్టలు కూడా రాలేదు. అంతకుముందు వరండా నిండా గెంతుతున్నవి, ఒక్కటీ లేదు.

మొదట అరుపు వినబడింది.

వాగు అవతలి నుంచి, ఒకసారి. నా పక్కన రాఫాయెల్ ఉలిక్కిపడ్డాడు. ఆ అరుపు నేను పుట్టినప్పటి నుంచి విన్నది. నేపర్‌విల్ కాకిది కాదు, దాని గొంతు వేరు. ఇది మనదే.

తరువాత అది వచ్చింది. వాగు దాటి, తక్కువ ఎత్తులో ఎగిరి, తోట కంచె గుంజ మీద వాలింది. నల్లని ముఖం, నల్లని రెక్కలు, మెడ చుట్టూ బూడిదరంగు. మన ఊళ్లలో కిటికీ మీద వాలి తల పక్కకు వంచి చూసే కాకి. నేను మరొక మాట వాడలేను. అది కాకి.

అది రాతి మీదికి దిగింది. ఆకు దగ్గరకు వచ్చింది. ముద్దను చూసింది. ముట్టలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, మా వైపు తిరిగి నిలబడింది.

నేపర్‌విల్ పెరటిలో జరిగినదే మళ్లీ జరగబోతోందనిపించింది. మాధవి ఏదో ఒక మాట ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. నా చేయి వదిలి, రెండడుగులు ముందుకు వేసి, స్పానిష్‌లో మాట్లాడటం మొదలుపెట్టింది.

"మామా," అంది. "ఫుయ్ యో." అమ్మా, అది చేసింది నేనే.

తరువాతి మాటలు చిన్న చిన్నవి, నిన్న మొన్న నేర్చుకున్నవి. యంత్రాన్ని ఆపమన్నది నేనే, అంది. నాన్నగారు కాదు, నేను. నీకు ఊపిరి అందడం లేదు. ఇంకా నొప్పి ఉంటుందనిపించింది. నాకు భయం వేసింది. నీ చేయి వెచ్చగా ఉంది. ఇప్పటికీ నాకు ప్రతిరోజూ గుర్తొస్తుంది. మాటకు మాటకు మధ్య వెతుక్కుంటూ, తప్పులు దిద్దుకోకుండా చెప్పింది. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండేళ్లుగా ఆమె గొంతు దాటని మాటలు ఆ కొత్త భాషలో బయటికి వచ్చాయి. సుభద్రకు ఆ భాష వచ్చు. మాధవికి మొదట నేర్పింది ఆవిడే.

అంతదాకా కాకి కదలలేదు.

మాధవి ఆగిపోయాక, అది ఆకు దగ్గరకు వచ్చింది. ముక్కుతో ముద్దలోంచి కొంచెం తీసుకుంది. తినలేదు. దాన్ని ఆకు అంచున, ఎడమవైపు పెట్టింది. తరువాత మిగిలిన ముద్దను తినడం మొదలుపెట్టింది.

నాకేమీ తట్టలేదు. మాధవి తడినేల మీద కూర్చుని, "నాన్నగారూ, చూశారా? అంచున పెట్టింది" అంది.

సుభద్ర జీవితమంతా అన్నానికి కూర్చున్నప్పుడల్లా మొదటి ముద్ద తీసి కంచం అంచున, ఎడమపక్కన పెట్టేది. ఎవరైనా ఆకలితో వస్తే అని. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ నేర్పిన అలవాటు. భోజనం చివర దాన్ని తనే తినేది. అంతకాలం ఎదురుగా కూర్చుని తిన్న నాకు ఆ క్షణాన అది జ్ఞాపకం రాలేదు. కూతురికి వచ్చింది.

కాకి ముద్దంతా తిని, చివర అంచున ఉన్న మెతుకులు తిని, వచ్చిన వైపుకే, వాగు మీదుగా అడవిలోకి వెళ్లిపోయింది. మళ్లీ అరవలేదు.

చాలాసేపటికి దోన్యా ఎల్బా వచ్చి మాధవిని లేపి, కొంగులాంటి తన ఏప్రన్‌తో ముఖం తుడిచింది. "ఇప్పుడు అయింది పాఠం" అంది.

రాఫాయెల్ ఆ సాయంత్రం మాతో విమానాశ్రయందాకా వచ్చాడు. అక్కడ కారు ఆపి ఇలా అన్నాడు: "దోన్ సూర్యా, నా మెడలో బైనాక్యులర్లు ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి. వాటిని ఎత్తాలని నాకు తోచలేదు. నా పని అంతా అదే, అయినా తోచలేదు."

ఇక, న్యాయంగా చెప్పవలసినవి చెబుతాను.

బూడిదమెడ కాకులు ఓడల మీద ఎక్కి సముద్రాలు దాటి వేరే దేశాలు చేరడం ఉన్నదేనని రాఫాయెల్ తరువాత ఫోన్‌లో చెప్పాడు. ఆ దీవికి ఓడరేవులున్నాయి. ఒక కాకి అలా వచ్చి ఉండవచ్చు. కాకులు తిండిని పక్కన దాచి తరువాత తినడం కూడా వాటి స్వభావమే. మనిషి మాట్లాడుతుంటే అడవిపక్షి ఆగి చూడటం, మాట ఆగాక దిగడం కూడా సహజమే. ఈ మూడింటినీ నేను ఒప్పుకుంటాను. వాటిని ఒక్కొక్కటిగా ఒప్పుకోవడం కష్టం కాదు.

అయితే రాఫాయెల్ రేవులో విచారించాడు. తనకు తెలిసిన పక్షిశాస్త్రజ్ఞులను అడిగాడు. అంతకుముందు గాని, ఆ తరువాత గాని, ఆ పక్షిని చూసినవారు ఎవరూ దొరకలేదు. తోటలో రోజూ అన్నం పెట్టి చూస్తున్నాడట. నల్లపిట్టలు తింటున్నాయి. తను చూసినదాన్ని పై అధికారులకు రాయనని చెప్పాడు. "ఏమని రాయను?" అన్నాడు.

అది ఒంటరిగా దారి తప్పిన పక్షే అనుకుందాం. ఆ దీవిలో అన్ని తోటలుండగా ఆ తోటకు, అన్ని పూటలుండగా ఆ అపరాహ్ణానికి ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. నేను గోడ మీది కాగితాన్ని నమ్మకపోయి ఉంటే తద్దినం నేపర్‌విల్‌లో జరిగేది, ఆ మంచులో, ఆ మోడుచెట్టు కింద. మాధవి తెలుగులో మళ్లీ ఏవో చీరల గురించి మాట ఇచ్చి ఉండేది. నేను తప్పు చేయడం వల్లనే ఆ వాగు ఒడ్డున నిలబడ్డాం.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. అది దయ్యమని నేను అనలేదు. కాకి అన్నాను. అది సుభద్ర అని మాధవి కూడా ఎన్నడూ అనలేదు. ఇద్దరం ఆ మాట ఎత్తం. కాని ఆ రోజు నుంచి మాధవి కంచంలో మొదటి ముద్ద అంచున పెడుతోంది. నేను చూసి, చూడనట్టు తింటున్నాను.

మాఘ బహుళ తదియనాడు మాధవి ఐసీయూలో తిరిగి డ్యూటీలో చేరింది. ఆ వారంలోనే స్పానిష్ మాట్లాడే ఒక కుటుంబాన్ని ఆ చిన్న గదిలో కూర్చోబెట్టి, వారి అమ్మ గురించి అడగవలసినది వారి భాషలోనే అడిగింది. వారు జవాబు చెప్పేదాకా వారి పక్కనే కూర్చుంది.